పదకొండు మందిని ఎంచే లెక్క

2023 సెప్టెంబరు 17న కొలంబోలో జరిగిన ఆసియా కప్ ఫైనల్లో హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ 7 ఓవర్లు వేసి, 21 పరుగులిచ్చి, 6 వికెట్లు తీశాడు. వాటిలో నాలుగు ఒకే ఓవర్లో పడ్డాయి. శ్రీలంక 50 పరుగులకే ఆలౌటైంది. ఆ టోర్నీ మొత్తం మీద సిరాజ్ తీసిన వికెట్లు 10. అంటే సగానికి మించిన పంట ఒక్క ఇన్నింగ్స్‌లోనే వచ్చింది. ఆ ఉదయం కాగితం మీద తన సొంత జట్టు రాసుకుంటున్న ఒక అభిమానికి సిరాజ్ విలువ ఎంత? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే గణాంక శాస్త్రంలోని కొన్ని లోతైన ఫలితాల దాకా వెళ్లాలి. వాటిలో ఒకటి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నాయన కనిపెట్టినది.

ఐపీఎల్ రోజుల్లో పిఠాపురంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఈ లెక్కలే వినిపిస్తాయి: ఇద్దరు ఓపెనర్లను పెట్టాలా, బౌలర్లు నలుగురా ఐదుగురా, కెప్టెన్ ఎవరు. ఇలా నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కూర్చి, మైదానంలో వాళ్లు చేసిన పనిని బట్టి పాయింట్లు లెక్కగట్టుకోవడమే ఫ్యాంటసీ క్రికెట్. దీన్ని కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది అనిశ్చితిలో నిర్ణయం తీసుకోవడం నేర్పగల మంచి ప్రయోగశాలగా కనిపిస్తుంది. అయితే ఆ చదువు సాగాలంటే డబ్బును దీనికి దూరంగా ఉంచాలి. ఎందుకో లెక్కలతోనే చెబుతాను.

ఈ ఆటకు పుట్టిల్లు బేస్‌బాల్. 1980లో రచయిత డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లోని లా రోటిస్సెరీ ఫ్రాన్సేజ్ అనే భోజనశాలలో కలుసుకుని ఒక లీగ్ మొదలుపెట్టారు. ఆ భోజనశాల పేరే ఆటకు నిలిచిపోయింది. ఒక్కొక్కరి చేతిలో 260 డాలర్లు, కొనాల్సింది 23 మందిని: బ్యాటుతో కొట్టే హిట్టర్లు 14 మంది, బంతి విసిరే పిచ్చర్లు 9 మంది. సీజన్ ముగిశాక ఎనిమిది అంశాల్లో ఎవరి జట్టు ఎక్కడుందో చూస్తారు. డబ్బు హిట్టర్ల మీద ఎక్కువ పెట్టాలా, పిచ్చర్ల మీదా అన్న చర్చ అప్పటి నుంచి ఆగలేదు. అనుభవజ్ఞుల్లో ఎక్కువమంది సుమారు మూడింట రెండు వంతుల డబ్బును హిట్టర్లకే కేటాయిస్తారు. సీజన్‌లోని 162 మ్యాచ్‌ల్లో హిట్టర్ దాదాపు రోజూ ఆడతాడు. మొదట బంతి అందుకునే పిచ్చర్ వంతు మాత్రం ఐదు రోజులకొకసారి వస్తుంది, పైగా అతని మోచేయి, భుజం ఎప్పుడు దెబ్బతింటాయో చెప్పలేం.

పిచ్చర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. కొన్ని అంశాలు కూడికలు, కొన్ని నిష్పత్తులు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని పరుగులిచ్చారన్నది నిష్పత్తి. ఒక జట్టు పిచ్చర్లు 1,000 ఇన్నింగ్స్‌లో 400 పరుగులిచ్చారనుకుందాం. సగటు 3.60. ఇప్పుడు 100 ఇన్నింగ్స్‌లో 50 పరుగులిచ్చే ఒక మధ్యరకం పిచ్చర్‌ను చేర్చితే విజయాల కూడిక పెరగవచ్చు గానీ, సగటు 3.68కి చెడిపోతుంది. హిట్టర్‌తో ఈ బాధ తక్కువ. అందుకే బేస్‌బాల్‌లో ‘ఎవరిని చేర్చాలి’ అన్న దానితో సమానంగా ‘ఎవరిని కూర్చోబెట్టాలి’ అన్నదీ పెద్ద ప్రశ్నే.

మన క్రికెట్ లెక్కకు వద్దాం. మన దేశంలో చాలాకాలం వాడుకలో ఉన్న టీ20 ఫ్యాంటసీ పద్ధతిలో పరుగుకు 1 పాయింటు, వికెట్‌కు 25, క్యాచ్‌కు 8. కెప్టెన్ పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. బౌండరీలు, అర్ధశతకాల అదనాలు పక్కన పెట్టి ఇద్దరు ఆటగాళ్లను ఊహిద్దాం. ఒకడు సగటున 30 పరుగులు చేసే బ్యాటర్. ఇంకొకడు మ్యాచ్‌కు సగటున 1.2 వికెట్లు తీసే బౌలర్. అతనికీ సగటున 30 పాయింట్లే. ఇద్దరూ సమానమేనా?

బ్యాటర్ ఏ పరుగు దగ్గరైనా అవుటయ్యే అవకాశం ఒకేలా ఉంటుందనుకుంటే, అతని స్కోర్లు ఘాతీయ విభాజనాన్ని అనుసరిస్తాయి. ఆ విభాజనపు గుణం విచిత్రమైనది: సగటు 30 అయితే, ఎగుడుదిగుళ్లను కొలిచే ప్రామాణిక విచలనం కూడా 30. నూటికి 28 సార్లు అతను 10 పరుగుల్లోపే వెనుదిరుగుతాడు. సగం సార్లు 21 దాటడు. 60కి చేరేది నూటికి 13, 14 సార్లు మాత్రమే. ‘సగటు 30’ అన్నమాట వినగానే ప్రతి మ్యాచ్‌లోనూ ముప్పై చేసే మనిషి మన కళ్ల ముందు మెదులుతాడు. అలాంటి బ్యాటర్ లోకంలో లేడు. బౌలర్ వికెట్లకు పాయిజాన్ విభాజనం సరిపోతుంది. సగటు 1.2 అయినప్పుడు నూటికి 30 మ్యాచ్‌ల్లో అతనికి వికెట్టే దొరకదు, 36 మ్యాచ్‌ల్లో ఒకటి, 22 మ్యాచ్‌ల్లో రెండు. మూడు అంతకుమించి దొరికేది 12 మ్యాచ్‌ల్లోనే. పాయింట్లలో ప్రామాణిక విచలనం 27 పైచిలుకు. బౌలర్లే నమ్మదగనివాళ్లన్న వాదన మన చర్చల్లో తరచు వినిపిస్తుంది. ఒక్క మ్యాచ్ వరకు చూస్తే ఇద్దరి ఎగుడుదిగుళ్లూ ఇంచుమించు ఒకటేనని ఈ లెక్క చూపిస్తోంది.

సీజన్ మొత్తం చూస్తే ఈ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి కదా అనిపిస్తుంది. ఎంతవరకు? ఐపీఎల్‌లో ఒక్కో జట్టుకు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు. అసలు సామర్థ్యం 30 పరుగులున్న బ్యాటర్‌నూ, 35 ఉన్న బ్యాటర్‌నూ పక్కపక్కన పెట్టి 14 మ్యాచ్‌లు ఆడిద్దాం. మెరుగైనవాడు 70 పరుగులు ముందుండాలి. కానీ ఆ తేడాలోని ప్రామాణిక విచలనం 172. కాబట్టి మెరుగైనవాడు నిజంగా ముందు నిలిచే సంభావ్యత దాదాపు మూడింట రెండు వంతులే. మిగిలిన మూడో వంతు సీజన్లలో తక్కువవాడే పట్టికలో పైన కనిపిస్తాడు. విశ్లేషకులు అతని పాదాల కదలికను పొగుడుతారు. ఐదు పరుగుల తేడా టీ20లో చిన్నది కాదు. అంత తేడాను కూడా పూర్తి లీగ్ దశ నిర్ద్వంద్వంగా చూపలేకపోతోంది.

ఇక్కడే కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని తలచుకోవాలి. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1945లో ఆయన ప్రచురించిన వ్యాసం ఒక హద్దును గీసింది. కొన్ని పరిశీలనల నుంచి ఒక రాశిని అంచనా కట్టేటప్పుడు, ఏ పక్కకూ మొగ్గని అంచనా ఎంత తెలివిగా రూపొందించినా ఒక స్థాయి కంటే కచ్చితం కాలేదని ఆయన నిరూపించారు. క్రామర్-రావు హద్దు అని ప్రపంచం పిలిచేది దాన్నే. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది. ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు. మన ముప్పై పరుగుల బ్యాటర్‌కు ఈ హద్దును వర్తింపజేస్తే, ఐదు మ్యాచ్‌లు చూసి అతని సామర్థ్యాన్ని అంచనా కట్టడంలో ఉండే పొరపాటు 13 పరుగులకు తగ్గదు. వీడియోలు ఎన్నిసార్లు తిప్పి చూసినా, యాప్ ఎంత ఖరీదైనదైనా, ఆ ఐదు స్కోర్లలో ఉన్న సమాచారం అంతే.

మరి దారి లేదా? ఉంది. రావు గారి హద్దు ‘ఏ పక్కకూ మొగ్గని’ అంచనాలకు మాత్రమే. కొంచెం మొగ్గు ఒప్పుకుంటే మొత్తం పొరపాటు తగ్గుతుందని 1956లో గణాంక శాస్త్రవేత్త చార్లెస్ స్టైన్ చూపించాడు. 1961లో విల్లర్డ్ జేమ్స్‌తో కలిసి దానికి సూత్రం ఇచ్చాడు. ఒకేసారి ముగ్గురు అంతకుమించిన వ్యక్తుల సామర్థ్యాన్ని అంచనా కట్టేటప్పుడు, ప్రతి ఒక్కరి సగటునూ అందరి సగటు వైపు కొంత లాగాలి. మనదేశపు రైతులకు ఇది కొత్త కాదు. ఒక్క మడిలో విరగపండిందని ఊరంతా ఎకరానికి అదే దిగుబడి అని ఎవరూ లెక్క వేయరు.

ఈ సూత్రానికి అందరికీ తెలిసిన ఉదాహరణ బేస్‌బాల్ నుంచే వచ్చింది. గణాంక శాస్త్రవేత్తలు బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ 1970 సీజన్లో 18 మంది హిట్టర్లు మొదటి 45 అవకాశాల్లో ఎలా ఆడారో తీసుకుని, మిగిలిన సీజన్‌లో వాళ్ల సగటును ఊహించబోయారు. జాబితాలో అందరికంటే పైన రాబర్టో క్లెమెంటే ఉన్నాడు. 45లో 18 హిట్లు, అంటే 0.400. అందరి సగటు 0.265. లాగిన తర్వాత క్లెమెంటే అంచనా 0.29 దరిదాపుల్లోకి దిగింది. సీజన్ చివరికి చూస్తే 18 మందిలో 16 మంది విషయంలో లాగిన అంచనాయే వాస్తవానికి దగ్గరగా నిలిచింది. మొత్తం వర్గ దోషం మూడున్నర రెట్లు తగ్గింది. క్లెమెంటే మాత్రం మిగిలిన సీజన్‌లో 0.346 కొట్టి, రెండు అంచనాలకూ మధ్యలో నిలిచాడు. అతను అంతకుముందే నాలుగుసార్లు నేషనల్ లీగ్ బ్యాటింగ్ విజేత. ఆ పాత చరిత్రను లెక్కలోకి తీసుకోకుండా అందరితో కలిపి లాగడమే అక్కడి లోపం. ఆటగాణ్ని అందరి సగటు వైపు కాక, అతని గత సంవత్సరాల సగటు వైపు, అతని స్థానంలో ఆడేవాళ్ల సగటు వైపు లాగితే అంచనా ఇంకా మెరుగవుతుంది.

మన లెక్కలో ఎంత లాగాలి? టీ20 బ్యాటర్ల అసలు సామర్థ్యాలు 30 చుట్టూ 8 పరుగుల ప్రామాణిక విచలనంతో పరచుకుని ఉన్నాయనుకుందాం. ఐదు మ్యాచ్‌ల తర్వాత ఒకడి సగటు 60 అయితే, అదనంగా కనిపిస్తున్న 30లో 26 శాతాన్నే నమ్మాలి. అంచనా 38. పద్నాలుగు మ్యాచ్‌లు గడిస్తే నమ్మదగిన భాగం సగానికి చేరుతుంది. బౌలర్ల మధ్య సామర్థ్యపు తేడాలు మరికొంత చిన్నవని, మ్యాచ్‌కు పావు వికెట్ విచలనమని అనుకుంటే, ఐదు మ్యాచ్‌ల తర్వాత ఐదో వంతునే నమ్మాలి. బ్యాటర్‌కూ బౌలర్‌కూ నిజమైన వ్యత్యాసం ఇక్కడ బయటపడుతోంది. ఒక్క మ్యాచ్ ఎగుడుదిగుళ్లలో ఇద్దరూ ఒకటే. కానీ బౌలర్ వికెట్ల పట్టికలో అతని ప్రతిభకు సంబంధించిన సమాచారం ఇంకా పలచగా ఉంటుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆ డిసెంబరులో మెల్‌బోర్న్‌ టెస్టులో 114 కొట్టాడు. 2025 ఐపీఎల్‌లో చేసినవి 182. రెండో ఏడాది అతనిలో ప్రతిభ ఆవిరైందని తీర్పు చెప్పినవాళ్లున్నారు. ఇంత కొద్ది మ్యాచ్‌ల మీద ఇలాంటి ఊగిసలాట సహజమేనని లెక్క చెబుతుంది. ఒక యువకుడి గురించి నోరు పారేసుకునే ముందు ఈ లెక్క తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

బౌలర్ వికెట్లు అంత పలచని సమాచారమైతే, వాటిలో ఎంత అతనిది? బేస్‌బాల్‌లో ఈ ప్రశ్నను 2001లో విశ్లేషకుడు వోరోస్ మెక్రాకెన్ కొత్తగా వేశాడు. హిట్టర్ బంతిని మైదానంలోకి కొట్టాక అది ఫీల్డర్ చేతికి చిక్కుతుందా, ఖాళీలోకి పోతుందా అన్నది చాలావరకు పిచ్చర్ చేతిలో లేదని అతను వాదించాడు. ఫీల్డర్‌తో పనిలేని స్ట్రైకవుట్లు, నడకలు (వాక్‌లు), హోమ్‌రన్లు, ఈ మూడే పిచ్చర్‌ను నిజంగా పట్టిచ్చే అంకెలు. క్రికెట్‌లోనూ ఇలాంటి విభజన సాధ్యమే. బౌల్డ్, ఎల్బీడబ్ల్యూ అయితే ఫీల్డర్ సాయం అక్కర్లేదు. మన ఫ్యాంటసీ పద్ధతిలో వీటికి ప్రత్యేకంగా 8 పాయింట్ల అదనం ఉండడం కనీసం ఆ దిశలో సరైన ఆలోచన. డీప్ మిడ్‌వికెట్‌లో దొరికిన క్యాచ్‌లో ఫీల్డర్ పరుగు, బ్యాటర్ తొందర, గాలి వాటం అన్నీ కలిసి ఉంటాయి.

ప్రతిభ ఇంత మసకగా కనిపిస్తే, స్పష్టంగా కనిపించేది అవకాశం. టీ20లో జట్టుకు 120 బంతులు. ఓపెనర్ మొదటి బంతి నుంచి క్రీజులో ఉంటాడు. ఆరో స్థానంలో వచ్చేవాడికి కొన్ని మ్యాచ్‌ల్లో పది బంతులు కూడా దక్కవు. బౌలర్‌కు నాలుగు ఓవర్లే హద్దు, కానీ అవి ఎప్పుడు వేస్తాడన్నది ముఖ్యం. చివరి ఓవర్లలో బ్యాటర్లు తెగించి కొడతారు కాబట్టి అప్పుడు బంతి పట్టినవాడికి పరుగులూ ఎక్కువ పోతాయి, వికెట్లూ ఎక్కువ పడతాయి. పరుగులకు కోత తక్కువగా, వికెట్‌కు ఘనంగా పాయింట్లిచ్చే పద్ధతిలో ఆ బౌలర్ విలువ అతని ప్రతిభను మించిపోతుంది. బ్యాటింగ్ క్రమం, ఓవర్ల కేటాయింపు కెప్టెన్ నిర్ణయాలు. ఒక మ్యాచ్ నుంచి ఇంకో మ్యాచ్‌కు అంతగా మారవు. కాబట్టి జట్టు కూర్చేవాడు ముందు చూడాల్సింది నిన్న ఎవరు ఎంత కొట్టారన్నది కాదు, రేపు ఎవరికి ఎన్ని బంతులు దొరుకుతాయన్నది. ఆల్‌రౌండర్ గొప్పదనం కూడా ఇందులోదే. బ్యాటుతో 20, బంతితో 20 పాయింట్లు తెచ్చేవాడి సగటు 40 అయినా, రెండు మూలాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగుతాయి కాబట్టి విచలనం 30 దగ్గరే ఉంటుంది. పాయింట్లు రెట్టింపయ్యే కెప్టెన్ స్థానానికి అలాంటివాడు సహజంగా సరిపోతాడు.

పదిమంది మిత్రులు సీజన్ మొత్తానికి ఒక్కో ఆటగాణ్ని ఒక్కరే తీసుకునేలా పంచుకుంటే లెక్క ఇంకోలా తిరుగుతుంది. ఒక్కో జట్టుకు ఒక కీపర్, ఇద్దరు ఓపెనర్లు కావాలి. మొదటి వికెట్‌కీపర్ 45 పాయింట్లవాడు, పదోవాడు 28. మొదటి ఓపెనర్ 50, ఇరవయ్యోవాడు 42 అనుకుందాం. ముందు పిలుపు నీదైతే 50 పాయింట్ల ఓపెనర్‌ను కాక 45 పాయింట్ల కీపర్‌ను తీసుకోవాలి. ఆ స్థానంలో ఆఖరికి మిగిలేవాడి కంటే అతను 17 ఎక్కువ. ఓపెనర్ 8 మాత్రమే ఎక్కువ.

ఆటగాళ్ల మధ్య సహసంబంధం మరో సంగతి. బేస్‌బాల్‌లో ఒకే జట్టు హిట్టర్లను వరుసగా పేర్చడం పాత ఎత్తుగడ. అక్కడ ఇన్నింగ్స్ ముగిసేది అవుట్ల లెక్కన. ఒకడు బాగా కొడితే వెనకవాడికి అవకాశాలు పెరుగుతాయి. టీ20లో బంతుల సంఖ్య ముందే నిర్ణయమై ఉంది. ఓపెనర్లు పదిహేను ఓవర్లు ఆడేస్తే అయిదు, ఆరు స్థానాలవాళ్లు డగౌట్‌లోనే కూర్చుంటారు. కాబట్టి అమెరికా ఎత్తుగడను ఉన్నదున్నట్టు తెచ్చుకుని ఒకే జట్టు ఓపెనర్‌నూ ఆరో నంబర్‌నూ కలిపి తీసుకోవడం ఒకరి నోటి ముద్దను ఇంకొకరితో లాగించడమే.

పాయింట్ల సూత్రానికే ఒక పరిమితి ఉంది. మా పక్కనే కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీ టెస్టు చివరి రోజున తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి, 23 పరుగులతో అజేయంగా మిగిలాడు. అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడాడు. పరుగుల లెక్కన ఆ ఇన్నింగ్స్ విలువ 23. ఏ అంకె దేన్ని కొలుస్తోంది, దేన్ని వదిలేస్తోంది అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడదు.

ఇక డబ్బు. రెండు జట్లలోని 22 మందిలో 11 మందిని ఎంచే మార్గాలు 7,05,432. వాటిలో ప్రతిదానికీ కెప్టెన్, వైస్ కెప్టెన్ ఎంపిక 110 విధాలు. నిబంధనలు పక్కన పెడితే మొత్తం 7 కోట్ల 75 లక్షల పైచిలుకు జట్లు. లక్షల మంది పాల్గొనే ఒక్కరోజు పోటీలో మొదటి బహుమతి కొట్టాలంటే ఆ రోజు జరిగిన ప్రతి అరుదైన సంఘటననూ ముందే పట్టుకుని ఉండాలి. నైపుణ్యం అబద్ధమని కాదు. 2018లో ఎమ్ఐటీ ఆచార్యురాలు అనెట్ హోసోయ్ బృందం ఫ్యాంటసీ పోటీల ఫలితాలను రెండు భాగాలు చేసి, మొదటి సగంలో గెలిచినవాళ్లు రెండో సగంలోనూ గెలుస్తున్నారా అని పరిశీలించింది. నాణెం ఎగరేతలో కనబడని నిలకడ అక్కడ కనబడింది. అయితే ఆ నిలకడ బయటపడేది ఎన్నో పోటీల కూడికలో. ఒక్క రాత్రి ఆటలో పోయిన డబ్బుకు ఏ నైపుణ్యమూ హామీ ఇవ్వదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపింది. ‘నైపుణ్యం’ అన్న మాట చూపి పిల్లల జేబులు ఖాళీ చేయడం మీద పడిన ఈ నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

డబ్బు తీసేశాక మిగిలేది చక్కటి తరగతి గది ప్రయోగం. పిఠాపురంలో ఇంటర్ చదివే పిల్లలూ, పిఠాపురం రాజావారి పేరుతో కాకినాడలో ఉన్న కళాశాల విద్యార్థులూ ఒక నోటు పుస్తకంతో దీన్ని చేయవచ్చు. వచ్చే ఐపీఎల్ అయినా సరే, 2022లో మొదలైన మన ఆంధ్ర ప్రీమియర్ లీగ్ అయినా సరే. ఆంధ్ర లీగ్‌లో మ్యాచ్‌లు ఇంకా తక్కువ కాబట్టి అక్కడ కింద చెప్పే ఐదుకు బదులు తొలి రెండు మూడు మ్యాచ్‌లే తీసుకోవాలి, సగటు వైపు లాగాల్సిన అవసరం ఇంకా ఎక్కువ. ఇరవై మంది బ్యాటర్లను, పదిమంది బౌలర్లను ఎంచుకుని తొలి ఐదు మ్యాచ్‌ల సగటులు రాయాలి. పక్క గడిలో, పైన చెప్పిన పద్ధతిలో లాగిన అంచనాలు రాయాలి. ఐదో మ్యాచ్ అయ్యాక పుస్తకం మూసి, తేదీ వేసి, మాస్టారి సంతకం తీసుకోవాలి. తర్వాత అంకెలు సరిదిద్దుకునే ఆశ ఎవరికైనా కలుగుతుంది. సీజన్ ముగిశాక మిగిలిన మ్యాచ్‌ల సగటుతో రెండు గడుల తేడాలనూ వర్గం చేసి కూడాలి. బ్యాటర్లకూ బౌలర్లకూ వేర్వేరుగా కూడాలి, ఏ గుంపులో లాగడం ఎక్కువ పనికొచ్చిందో అప్పుడే తెలుస్తుంది. 8 పరుగులు, పావు వికెట్ అని నేను అనుకున్న విలువలు ఎంతవరకు నిలుస్తాయో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. నిలవకపోతే కొత్త విలువలతో మరుసటి సీజన్‌కు పట్టిక తిరగరాయాలి.